శ్రీమతి సరోజినీదేవి: బాల్యగాయమును ప్రేమయును

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున గచ్చిబౌలి యను చోట హైదరాబాదు విశ్వవిద్యాలయము గలదు. దానికి కొంత దూరమున మాదాపూరునందు 1998వ సంవత్సరమున సైబర్ టవర్సు అను మేడ తెరువబడినది మొదలు ఆ ప్రాంతమంతయు హైటెక్ సిటీ యనియు, సైబరాబాదనియు వేరొక పట్టణమువలె పెరిగినది. రాళ్లగుట్టలున్న చోట గాజుమేడలు లేచినవి. నాలుగు దిక్కులనుండి వచ్చిన యువతీయువకులు వానిలో కంప్యూటర్ల ముందు కూర్చుండి దూరదేశములవారి పనులను చక్కబెట్టుచున్నారు. ఇట్టి ప్రదేశమున నున్న ఆ విశ్వవిద్యాలయములో నాట్యము, నాటకము, చిత్రలేఖనము మొదలగు కళలు నేర్పు విభాగమునకు శ్రీమతి సరోజినీనాయుడుగారి పేరు పెట్టిరి. 1974లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయము తొలిదినములలో నడచినదియు నాంపల్లిలోని వారి యింటనే. ఆ యింటికి గోల్డెన్ త్రెషోల్డని పేరు. 1905లో అచ్చయిన వారి పద్యసంపుటము పేరే ఇంటికిని వచ్చినది.

న్యాయవాదవృత్తిలో నున్న నాబోటివారి యొద్దకు ఈ గాజుమేడలలో పనిచేయు పిల్లలు తరచుగా వచ్చుచుందురు. కులాంతరవివాహమునకు నోటీసు ఇయ్యవలెనని కొందఱు వత్తురు. చేసికొన్న వివాహమును విడదీయుమని కొందఱు వత్తురు. వారి వెనుకనే వారి తల్లిదండ్రులును వత్తురు. పిల్లలు తమ మనస్సునకు చిన్ననాట తగిలిన దెబ్బలను గూర్చి మాటలాడుదురు. మనోవైద్యుల యొద్దకు పోవుచున్నామని సంకోచము లేక చెప్పుదురు. తల్లిదండ్రులు అది విని నవ్వుదురు, లేదా కోపింతురు. తిండికి, బట్టకు, చదువునకు లోటు చేయని తాము బిడ్డలను గాయపఱచితిమా యని వారి ప్రశ్న. ఈ ప్రశ్న నేడు పుట్టినది కాదు. విద్యయందును సంస్కారమునందును కొఱత లేని ఒక బ్రాహ్మగృహమున, ఇదే హైదరాబాదులో, నూఱేండ్లకు పైబడిన కాలమునకు పూర్వమే లేచినది. ఆ గృహపు పెద్దకూతురి చరిత్రమును నాకు తెలిసినంతవఱకు వ్రాయుచున్నాను. ఆమె రాజకీయచరిత్రము అందఱికిని తెలిసినదే కనుక దానిని కొలదిగానే తడవెదను.

సరోజినీదేవి 1879వ సంవత్సరము ఫిబ్రవరి 13వ తేదీన జన్మించెను. తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయులవారు తూర్పు వంగదేశపు బ్రాహ్మణకుటుంబమువారు, బ్రాహ్మధర్మమును స్వీకరించినవారు. 1877లో ఎడింబరో విశ్వవిద్యాలయమున విజ్ఞానశాస్త్రమందు డాక్టరు పట్టము పొంది, మరుసటి యేడు నిజామురాజ్యమునకు వచ్చి ఇంగ్లీషు పాఠశాలను స్థాపించిరి. వారి కృషి నుండియే నిజాము కళాశాల ఏర్పడినది. 1883లో చాందా రైలుమార్గపు వ్యవహారమున ప్రభుత్వమువారి యేర్పాట్లను బహిరంగముగా ప్రతిఘటించినందుకు వారిని రాజ్యమునుండి వెడలగొట్టిరి. అప్పటికి పెద్దకూతురికి నాలుగేండ్లు. కొంతకాలమునకు మరల పిలువబడి వచ్చి తమ పనిలో చేరిరి.

తల్లి వరదసుందరీదేవి వంగభాషలో గేయములు రచించును, చక్కగా పాడును. ఎనమండుగురు బిడ్డలు. ఆ యింటి తోటలో ప్రతిదినము ఒక సభ జరుగుచుండెడిది. దానికి జమీందారులు, పండితులు, ఫకీరులు, సన్న్యాసులు, పనిలేనివారు, వంచకులు సైతము వచ్చుచుండిరి. అఘోరనాథులవారు వారి మతమును గాని స్థితిని గాని విచారింపక అందఱిని సమముగానే ఆదరించుచుండిరి. రసాయనశాస్త్రమున అంతటి పండితులయ్యు, రసవాదమున బంగారము చేయవచ్చునను ఆశను మాత్రము ఎన్నడును విడువలేదు. సంపాదించినది చేత నిలిచెడిది కాదు. బిడ్డలపై ప్రేమకు మాత్రము కొదువ లేకుండెను. ఇంతటి ఉదారుని యింట జరిగినదే నేను చెప్పబోవు సంగతి.

ఆ యింటిలో బిడ్డలకు ఇంగ్లీషు నేర్పవలెనని తండ్రిగారి పట్టుదల. బాలిక మొండిది. ఆ భాష తాను మాటలాడనని కూర్చుండెను. ఆమెకు తొమ్మిదేండ్ల వయస్సున తండ్రి విసిగి, ఒకనాడు ఆమెను ఒక గదిలో ఒంటరిగ పెట్టి దినమంతయు మూసి యుంచిరి. సాయంకాలము బయటికి వచ్చిన బాలిక ఇంగ్లీషు చక్కగా మాటలాడుచు వచ్చెను. అది మొదలు తండ్రితోను తల్లితోను ఆ భాషయందు తప్ప వేఱొక భాషలో మాటలాడలేదు. తల్లి మాత్రము ఆమెతో హిందుస్థానీలోనే మాటలాడుచుండెను. ఈ వృత్తాంతమును సరోజినీదేవిగారే పెద్దయైన పిదప ఒక ఆంగ్లకవికి వ్రాసిరి. ఆయన దానిని వారి పద్యసంపుటమునకు పీఠికలో చేర్చెను. తన కదియొక్కటే శిక్ష యనియు, దానికి ముందు తన్నెవరును దండింపలేదనియు ఆమె తెలిపిరి. వారు చెప్పుకొన్న తీరున రోషము కానరాదు. కొంత పరిహాసమే కానవచ్చును.

ఈ కథను కొందఱు పెద్దలు దండనకు సమర్థనముగా చెప్పుకొందురు. గదిలో పెట్టినందుననే గదా ఆమె అంతటి ఆంగ్లకవయిత్రి యైనదని వారి వాదము. ఇది ఒప్పదగిన వాదము కాదు. గదిలో మూయబడిన పిల్లలలో ఎందఱు మాటాడ నేర్చి వచ్చిరో, ఎందఱు మాటయే మఱచి వచ్చిరో ఎవరును లెక్క వ్రాయలేదు. బయటికి వచ్చి కీర్తి పొందినవారి కథయే మనకు వినబడును. ఆలోచింపవలసినది వేఱొకటి యున్నది. తొమ్మిదేండ్లలో ఆ యొక్క దినము తప్ప తక్కిన దినములన్నియు ఆ బాలికకు ప్రేమతోనే గడచినవి. కనుకనే ఆ దినము ఆమె జ్ఞాపకమున నొక విశేషముగా నిలిచినది. ప్రతిదినము అట్లే గడచియున్నయెడల చెప్పుకొనుటకు కథయే యుండదు. ఆ బిడ్డ స్వభావమే అట్లు మాఱిపోవును.

అయినను ఆ దినము జాడ లేకుండ పోయినదని నేను చెప్పజాలను. వంగభాషలో పాడు తల్లికి పుట్టి, ఉర్దూ తెలుగులు వినవచ్చు నగరమున పెరిగిన ఆ బాలిక జీవితమంతయు కవిత్వమును ఇంగ్లీషుననే చెప్పెను. తండ్రీకూతుండ్ర నడుమ నిలిచిన భాష ఆ గదిలో పుట్టిన భాష. దీనిని గాయమందుమో, వరమందుమో చదువరులే నిర్ణయింతురు గాక. నాకు మాత్రము రెండును ఒక్కచోటనే కలిసి యున్నట్లు తోచును.

పసిబిడ్డల మనస్సును గూర్చిన శాస్త్రీయపరిశోధన ఆ కాలమున కొలదిగానే జరిగినది. 1951లో జాన్ బౌల్బీ అను ఆంగ్లవైద్యుడు ప్రపంచ ఆరోగ్యసంస్థ కోరికపై వ్రాసిన నివేదికలో, తల్లి గాని తల్లివంటి వారొకరు గాని విడువక చూపు ఆప్యాయతయే శిశువు మనస్స్వాస్థ్యమునకు ఆధారమని నిరూపింప జూచెను. ఆయనయే నాలుగేండ్ల ప్రాయమున తన్ను పెంచిన దాదిని గోల్పోయి, పిమ్మట దూరపు బడికి పంపబడినవాడు. 1970వ దశకమున అమెరికాదేశమున ఎడ్వర్డు ట్రానిక్ అను పరిశోధకుడు తల్లులను కొన్ని నిమిషములు తమ శిశువుల యెదుట ముఖమున ఏ భావమును లేక కూర్చుండుమనెను. శిశువులు మొదట నవ్వించుటకు యత్నించి, పిదప కలవరపడి, తుదకు ముఖము త్రిప్పుకొనిరి. తల్లి మరల నవ్వి చేరదీసినప్పుడు క్రమముగా కుదుటపడిరి. ఎంత ప్రేమగల తల్లియైనను ప్రతిక్షణము బిడ్డతో సరిపడి యుండజాలదు, తెగుట సహజమే. తెగిన దానిని మరల ముడివేయుదురా లేదా యనునదే ముఖ్యమని ఆయన, ఆయన తరువాతివారును తేల్చిరి. అఘోరనాథులవారు ముడివేసిరా? అది తెలిసికొనుటకు కథను ముందుకు సాగింపవలెను.

కూతురు గణితవేత్త గాని విజ్ఞానవేత్త గాని కావలెనని తండ్రి కోరిక. పదునొకండవ యేట బీజగణితపు లెక్క ఒకటి ఎంతకును తెగక ఆమె నిట్టూర్చుచుండగా, లెక్కకు బదులు పద్యము వచ్చెను. అది మొదలు ఆమె కవిత్వము చెప్పుట ఆరంభించెను. తండ్రి కోపింపలేదు. ఆమె బాల్యరచనలను తామే అచ్చు వేయించిరి. తమ కోరికను కూతురి స్వభావమునకు లొంగించుకొనుట ఆ పండితుడు నేర్చినది ఇచ్చటనే యని నాకు తోచును. 1891లో, పండ్రెండవ యేట, ఆమె మద్రాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షయందు కృతార్థురాలు కాగా దేశమంతట ఆమె పేరు మ్రోగెను. మఱుసటి యేడే ఆరోగ్యము చెడెను. పుస్తకము ముట్టరాదని వైద్యుడు శాసింపగా, ఆయనపై పంతముతో రెండువేల పంక్తుల నాటకమొకటి వ్రాసెను. క్రమమైన చదువు ఆగెను. గ్రంథపఠనము మాత్రము మితిమీరెను. నాటినుండి దేహమున స్వస్థత ఆమెకు పూర్ణముగా ఎన్నడును కలుగలేదు.

ఆ వ్యాధికిని మనస్సునకును గల సంబంధమేమని నన్ను అడుగవలదు. సాక్ష్యము చాలని చోట తీర్పు చెప్పుట నా వృత్తికి తగదు. పండ్రెండేండ్ల పిల్లను దేశమునకంతటికి అద్భుతముగా చూపుట ఆ పిల్లకు మేలు చేయదని మాత్రము చెప్పగలను. నేడును పదియవ తరగతి, ఇంటర్మీడియటు పరీక్షల ఫలితములు వెలువడిన దినమున మన నగరములో పిల్లల ఛాయాచిత్రములను వీధివీధిని కట్టుచున్నారు. అందు లేని పిల్లల సంగతి యట్లుండగా, అందున్న పిల్లల సంగతియు ఆలోచింపదగినదే.

ఇక ప్రేమ సంగతి. పదునైదవ యేట ఆమెకు ముత్యాల గోవిందరాజులునాయుడుగారితో పరిచయము కలిగెను. వారు తెలుగువారు, వైద్యులు, నిజాము ప్రభుత్వోద్యోగులు, వయస్సున ఆమెకంటె పెద్దవారు. ఇరువురు వివాహమాడ నిశ్చయించుకొనిరి. నాయుడుగారు బ్రాహ్మణులు కారు. ఆ కారణముచేత ఆమె యింటివారును ఆయన యింటివారును సమానముగానే ప్రతిఘటించిరి. పిల్ల మిక్కిలి చిన్నదనుటయు నిజమే. ఆ మాటతోనే సరిపుచ్చినయెడల మనము ఆ తండ్రిని నిందింప నక్కఱ లేకపోవును. కాని వరుని కులభేదము ఆటంకమైనదని ఆ పీఠికయందే కలదు. తోటలో ఫకీరును జమీందారును ఒకే బల్లకడ కూర్చుండబెట్టిన గృహస్థు, బ్రాహ్మధర్మమును అవలంబించిన గృహస్థు, తన కూతురి యెడ కులమును జ్ఞాపకము చేసికొనెను. మనవారి చరిత్రములను వ్రాయునప్పుడు ఇట్టివి దాచిపెట్టు అలవాటొకటి మనకు కలదు. దాచినందువలన లాభము లేదు. సభలో చేసిన ప్రతిజ్ఞ నిజమో కాదో పరీక్షింపబడుచోటు మన యింటి నడవయే గదా.

1895లో, పదునాఱవ యేట, నిజాముగారి విద్యార్థివేతనముతో ఆమెను ఇంగ్లండునకు పంపిరి. ఆమెకు పోవుటకు ఇష్టము లేదు. మొదట లండనులోని కింగ్సు కళాశాలయందును, పిమ్మట కేంబ్రిడ్జిలోని గర్టను కళాశాలయందును చదివెను, పట్టము పొందలేదు. అచ్చటను ఆరోగ్యము చెడెను. గదిలో ఒక దినము మూసినట్లుగనే, ఈ మాఱు మూడేండ్లు సముద్రముల కావల ఉంచిరని చెప్పవచ్చును. అయితే అచ్చట ఆమెకొక ఆప్తుడు దొఱకెను. ఎడ్మండు గాస్ అను విమర్శకుడు ఆమె వ్రాసిన ఆంగ్లపుపూవుల పద్యములను, ఆంగ్లపక్షుల పద్యములను చూచి, ఇవి అనుకరణములనియు, తన దేశపు చెట్లను, జనులను, ఉత్సవములను గూర్చి వ్రాయుమనియు బోధించెను. ఆమె పాత పద్యములను విడిచిపెట్టెను. పల్లకీ మోయువారు, గాజులమ్మువారు, చేపలు పట్టువారు, హైదరాబాదు సంతలు ఆ తరువాత ఆమె కవిత్వములోనికి వచ్చినవి. పరాయిభాషలో పడిన పిల్లకు తన ఊరు కన్పట్టుటకు లండను పోవలసి వచ్చెను!

ఆ మూడేండ్లలో ఆమె తండ్రిని ధిక్కరించి పాఱిపోలేదు. తన మనస్సును చంపుకొని వేఱొకనిని వరింపనులేదు. వేచియుండెను. తన మాట తుదకు వినబడునను నమ్మకము ఎచ్చటనో గలవారే అట్లు వేచియుండగలరు. ఆ నమ్మకము ఆమెకు తొమ్మిదేండ్లవఱకు దండన యెఱుగని యింటిలో కలిగినదని నా అభిప్రాయము.

1898 సెప్టెంబరులో ఆమె హైదరాబాదు చేరెను. మూడు మాసములు నిండకమునుపే, డిసెంబరు 2వ తేదీన, మద్రాసులో గోవిందరాజులునాయుడుగారితో వివాహము జరిగెను. దానిని జరిపించినవారు మన కందుకూరి వీరేశలింగముపంతులుగారు. నాలుగవ యేట తండ్రిని గోల్పోయి పెదతండ్రి చేతులలో పెరిగిన ఆ పంతులుగారు అప్పటికి ఎందఱో బాలవితంతువులకు తండ్రిస్థానమున నిలిచి పెండ్లిండ్లు చేసినవారు. తెలుగు వరుడు, వంగకన్యక, హైదరాబాదు కాపురము, మద్రాసు పెండ్లి, రాజమహేంద్రవరపు ఆచార్యుడు!

ఇచ్చట చట్టమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. ఆ వివాహము 1872వ సంవత్సరపు మూడవ చట్టము ననుసరించి జరిగెను. కేశవచంద్రసేనులవారి కృషిచే బ్రాహ్ముల కొఱకు పుట్టిన చట్టమది. దాని ననుసరించి వివాహమాడువారు తాము హిందూ, మహమ్మదీయ, క్రైస్తవాది మతములలో దేనిని అవలంబించువారము కామని వ్రాసి యీయవలెను. వధువునకు పదునాలుగేండ్లు నిండిన చాలును. అయితే ఇరువదియొక యేండ్లు నిండనిచో తండ్రి గాని సంరక్షకుడు గాని సమ్మతింపవలెను. 1898 డిసెంబరు నాటికి సరోజినీదేవికి పందొమ్మిది యేండ్లు దాటి పది మాసములు కాలేదు. తండ్రి సమ్మతి లేనిదే ఆ వివాహము చట్టరీత్యా జరుగ వీలులేదు. అఘోరనాథులవారు కాదనిన చాలు, ఏడాదికి పైగా ఆపగలిగియుందురు. ఆపలేదు. కూతురు గట్టిపడినది చూచి తామే మెత్తపడిరి. గదికి గడియ వేసిన చేయియే, ఓడ యెక్కించిన చేయియే ఈ సమ్మతిని ఇచ్చినది. నేను ముడివేయుట యన్నది ఇదియే.

నేటి 1954వ సంవత్సరపు ప్రత్యేకవివాహచట్టమున పదునెనిమిదేండ్ల వధువునకును, ఇరువదియొక యేండ్ల వరునికిని తల్లిదండ్రుల సమ్మతి అక్కఱలేదు. ముప్పది దినముల నోటీసు చాలును. అయినను మా యొద్దకు వచ్చు పిల్లలలో పెక్కండ్రు ఆ ముప్పది దినములును చట్టము కోరని ఆ సమ్మతి కొఱకే ఎదురుచూచుచుందురు. సాక్షులుగా స్నేహితులు ముగ్గురు సిద్ధముగానే యుందురు. పిల్ల మాత్రము మాటిమాటికి ఫోను తీసి చూచుకొనుచుండును.

సమ్మతింపని తండ్రి కథయు సరోజినీదేవిగారి జీవితమునకు సమీపముననే కలదు. బొంబాయిలో ధనవంతుడైన పార్సీ ప్రభువు సర్ దిన్షా పెటిట్టుగారి కుమార్తె రత్తన్‌బాయి, మహమ్మదాలీ జిన్నాగారిని వరించెను. తండ్రి న్యాయస్థానమునకు పోయి, మైనరగు తన కుమార్తెను జిన్నా కలిసికొనరాదని ఉత్తరువు తెచ్చెను. పదునెనిమిదేండ్లు నిండగనే, 1918 ఏప్రిలులో, ఆమె ఇల్లు విడిచి మతము మార్చుకొని పెండ్లియాడెను. తండ్రి సంబంధము త్రెంచుకొనెను. దాంపత్యమును నిలువలేదు, 1928లో భర్తనుండి వేఱై, 1929 ఫిబ్రవరి 20న, తాను పుట్టిన దినముననే, ఇరువదితొమ్మిదవ యేట మరణించెను. ఆ కష్టకాలమున ఆమె మనస్సు విప్పి చెప్పుకొన్నది సరోజినీదేవిగారి యింటివారితోడనే. తండ్రి త్రోసివేయుటచేతనే ఆమె అట్లయ్యెనని చెప్పుట తొందరపాటగును, అనేక కారణములుండును. కాని తరువాత జరిగినది వినుడు. 1938లో ఆమె యేకపుత్రిక దీనా తనకిష్టుడైన నెవిలి వాడియాను వివాహమాడ నెంచగా, ఇరువదియేండ్ల క్రితము ఇతరమతపు కన్యను వరించిన ఆ జిన్నాగారే అడ్డుపడిరి. తండ్రీకూతుండ్ర నడుమ ఎడబాటు కలిగెను. తనకు జరిగినదానినే తన బిడ్డకు జరిపించుట మనుష్యులలో ఇంత సులభముగా ఏల వచ్చునో!

సరోజినీదేవిగారును దీనికి పూర్తిగా వెలియైనవారు కారు. 1899కిని 1903కిని నడుమ జయసూర్య, పద్మజ, రణధీరుడు, లీలామణి యను నలుగురు బిడ్డలు కలిగిరి. మొదటి యేండ్లలో ఆ యిల్లు పిల్లలతోడను, పద్యములతోడను, అతిథులతోడను నిండి యుండెను. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి నగరము మునిగినప్పుడు వారు చేసిన సేవకు ప్రభుత్వము కైసరిహిందు పతకమిచ్చెను. జలియన్‌వాలాబాగు దారుణము తరువాత దానిని త్రిప్పి పంపిరి. 1914లో లండనులో గాంధీగారిని కలిసిరి. 1915 జనవరిలో తండ్రి మరణించిరి. మూడు వారములలో, గురువుగా నెంచుకొన్న గోఖలేగారును పోయిరి. తండ్రికి నమస్కరించుచు వారు వ్రాసిన పద్యము 1917లో అచ్చయిన సంపుటమున కలదు. ఆ గదిని గూర్చి గాని, ఆ మూడేండ్లను గూర్చి గాని ఆ పద్యమున ఫిర్యాదు లేదు.

ఆ తరువాత దేశము వారిని తీసికొనిపోయెను. 1919లో ఇంగ్లండు, 1924లో ఆఫ్రికా, 1925లో కాన్పూరు కాంగ్రెసు అధ్యక్షత, 1928లో అమెరికా, 1930లో ధారాసనా ఉప్పుసత్యాగ్రహము, చెఱసాలలు. హైదరాబాదు గృహము వైద్యులవారి చేతులలో నుండెను. బిడ్డలు కొన్నాళ్లు అచ్చటను, కొన్నాళ్లు దూరపు విద్యాలయములలోను పెరిగిరి. తల్లి వారికి ఉత్తరములలోనే ఎక్కువగా లభించెను. ఓడలపైనుండి, రైళ్లనుండి, చెఱసాలలనుండి వారు బిడ్డలకు వ్రాసిన లేఖలు కొన్ని 1996లో పుస్తకముగా వెలువడినవి. అవి వాత్సల్యముతో, పరిహాసముతో నిండియున్నవి. చూచినవారిని, తిన్నవానిని, కట్టినవానిని గూర్చి కూడ వ్రాసిరి. అంత ప్రేమగల ఉత్తరములు అందుకొనిన బిడ్డలు అదృష్టవంతులే. ఉత్తరము ఎంత పెద్దదైనను జ్వరము వచ్చిన రాత్రి నుదుటిపై చేయి వేయదు. పద్మజకు తల్లికివలెనే దేహారోగ్యము చక్కగా నుండెడిది కాదు.

తండ్రియైన నాయకుని ఇట్టి ప్రశ్న ఎవరును అడుగరు, తల్లినే అడుగుదురు. ఇది అన్యాయమని నాకును తెలియును. సంస్కరణ సభల కొఱకు, సంఘముల కొఱకు, కక్షిదారుల కొఱకు రాత్రులు ఇల్లు చేరని మగవారము మనలో ఎందఱము లేము? మన పిల్లలు నిద్రించిన పిదప ఇల్లు చేరి, వారు లేవకముందే బయలుదేరి, ఆదివారము ఉపాసనలో పక్కన కూర్చుండబెట్టుకొని, ఇక వారికి ఏ లోటును లేదనుకొందుము. నా కుమారుడు ఏడేండ్లవాడై యున్నప్పుడు బడిలో తన యింటి చిత్రము వ్రాయుమనగా, తల్లిని, చెల్లెలిని, కుక్కను వ్రాసెను. నేనేడి యని అడుగగా, కోర్టు చిత్రము వేఱుగా వ్రాయవలెనని చెప్పెను. అప్పుడు నవ్వితిని.

దేశము స్వతంత్రమైన పిదప సరోజినీదేవిగారు సంయుక్తరాష్ట్రములకు గవర్నరుగా నుండి, 1949 మార్చి 2న లక్నోలో హృద్రోగముచే మరణించిరి. జయసూర్యగారు వైద్యులై, 1952లో మెదకునుండి లోకసభకు ఎన్నికైరి. పద్మజగారు 1956 మొదలు పదేండ్లకు పైగా పశ్చిమవంగరాష్ట్రమునకు గవర్నరుగా నుండిరి, వివాహమాడలేదు. తల్లి 1927లో వ్రాసి అచ్చు వేయక విడిచిన పద్యములు ఇంటిలో నుండెను. కలకత్తా రాజభవనమున నున్నప్పుడు ఆమె వానిని సవరించి కూర్చి 1961లో పుస్తకముగా వెలువరించిరి. నాంపల్లి గృహమును విశ్వవిద్యాలయమున కిచ్చినదియు ఆమెయే. గచ్చిబౌలికి తరలకముందు అచ్చట కొన్నేండ్లు పాఠములు జరిగినవి. అఘోరనాథులవారి తోటలో కూర్చుండిన ఫకీరులకు, పండితులకు బదులు విద్యార్థులు ఆ చెట్లక్రింద పుస్తకములు విప్పుకొని కూర్చుండిరి.